పాలేనికి వినపడని బస్సు

విజయకుమారికి దగ్గు ఉద్యోగంతో పాటే వచ్చింది. కండక్టరుగా చేరిన కొత్తలో అది చలికాలంలో మాత్రం చుట్టపుచూపుగా వచ్చి పోయేది. తర్వాత తర్వాత కాపురమే పెట్టేసింది. ఆసుపత్రిలో డాక్టరు ఛాతీ ఎక్స్‌రే చూసి, ఇంట్లో ఎవరన్నా పొగ తాగుతారా అని అడిగి, పక్కన నిలబడ్డ ఆమె భర్త జయరామయ్య కేసి అనుమానంగా చూశాడు. జయరామయ్యకు బీడీ వాసన తగిలితేనే తలనొప్పి. "ఆయన కాదు సార్, మా బస్సు" అంది విజయకుమారి. డాక్టరు నవ్వాడు. ఆమెకు మాత్రం నవ్వు రాలేదు.

ఆమె చెప్పింది నిజమే. నెల్లూరులో బయలుదేరి, పెన్న దాటి, కోవూరు, కొడవలూరు, అల్లూరు మీదుగా సముద్రం ఒడ్డున ఉన్న పట్టపుపాలెం దాకా పోయే డీజిల్ బస్సు అది. దానికి పొగ వెనక గొట్టంలోంచి ఎంత వచ్చేదో, ముందు ఇంజను మూత సందుల్లోంచీ అంతే వచ్చేది. వరి పొలాల మీది నుంచి తెల్లవారుగాలి ఎంత చల్లగా వీచినా, కిటికీలోంచి లోపలికి వచ్చేసరికి డీజిల్ కంపు కొట్టేది. సాయంత్రం కోవూరులో ఇల్లు చేరి ముఖం కడుక్కుంటే నీళ్ళు నల్లగా దిగేవి. ఇన్నేళ్ళు అటూ ఇటూ తూలుతూ నిలబడి అరిగిన మోకాళ్ళు ఒక పక్క, దగ్గు ఒక పక్క. రిటైరయ్యేదాకా ఈ రెంటినీ ఈడ్చుకుని పోవడమే అనుకుని ఆమె మిగతా ఆశలు ఎప్పుడో వదిలేసుకుంది.

ఆ బస్సు నడిపేది చోటే సాహెబ్. పేరులో చోటే ఉన్నా మనిషి ఆరడుగుల పొడుగు, గడ్డం తెల్లబడింది. పొద్దున్నే బండిని నాలుగు తిట్లు తిట్టి గానీ స్టార్టు చేసేవాడు కాదు. ఆ బస్సులో అద్దాలు మోగేవి, రేకులు మోగేవి, సీట్ల కింద నట్లు మోగేవి, హారను మాత్రం మోగేది కాదు. బాగుచేయించమని విజయకుమారి పోరు పెడితే, "దీనికి హారనెందుకు చెల్లెమ్మా? మనం కోవూర్లో ఉండంగానే అల్లూరోళ్ళకి తెలిసిపోతాది" అనేవాడు.

ఆ మాట ఆయన నవ్వులాటకు అన్నా పాలెం విషయంలో అదే జరిగేది. పాలేనికి ముందు కాలువ మీద ఎత్తు వంతెన ఒకటి ఉంది. పాత బస్సు ఆ ఎత్తు ఎక్కలేక మొదటి గేరులో పడి మూలిగేది. ఒళ్ళంతా గజగజలాడుతూ పెట్టే ఆ మూలుగు సరుగుడు తోపు దాటి, పడవలు ఆగే ఒడ్డు దాకా వినపడేది. కోవూరు పోయి చేపలమ్మే పాలెం ఆడవాళ్ళు బస్సుకు గుర్తు పెట్టుకున్నది ఆ మూలుగునే. గడియారం చూసుకుని రావడం వాళ్ళకు చేతకాక కాదు. పడవలు ఒకరోజు ముందొస్తాయి, ఒకరోజు ఆలస్యంగా వస్తాయి. వచ్చిన చేపల్ని ఏరుకోవాలి, పంచుకోవాలి, ఐసు చల్లుకోవాలి. బస్సు ఆగే చోట చెట్టు నీడన్నది లేదు. అక్కడ గంప పెట్టుకుని ఎండలో నిలబడితే చేప మెత్తబడిపోతుంది, మెత్తబడ్డ చేపను కోవూరులో ఏ ఇల్లాలూ చేత్తో ముట్టదు. అందుకని వాళ్ళు తోపు నీడలోనే పని చేసుకుంటూ ఒక చెవి వంతెన మీద వేసి ఉంచేవాళ్ళు. అక్కడ బస్సు మూలిగితే ఇక్కడ గంపలు నెత్తికెక్కేవి. బస్సు వంతెన దిగి, మలుపు తిరిగి, ఆగేసరికి అందరూ వచ్చి నిలబడేవాళ్ళు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో ఎవరికీ తెలియదు.

వెనక సీట్ల దగ్గర గంపలు పెట్టుకుని, నీళ్ళు కారుతుంటే కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చునేవాళ్ళు. అందరికీ పెద్ద వెంకటశేషమ్మ. ముక్కుకు రెండు వైపులా పుడకలు, నోట్లో ఎప్పుడూ ఆకూ వక్కా. చేపల వాసన పడని ప్రయాణికుడెవరన్నా ముక్కు మూసుకుంటే, "రాత్రి పులుసు తింటప్పుడు ఇదే చేప ఘుమఘుమలాడింది గదా అబ్బయ్యా" అని నలుగురిలో నిలదీసేది. ఆ వాసన విజయకుమారికి ఎన్నడో అలవాటైపోయింది. పొగతో పోలిస్తే అది ఎంతో నయం.

అలాంటి రోజుల్లో డిపోకు కరెంటు బస్సులు వచ్చాయి. ఆకుపచ్చ రంగు వేసి, తళతళలాడుతూ వరసగా నిలబెట్టారు. దండలు వేశారు, గుమ్మడికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. పొగ ఉండదు, చప్పుడు ఉండదు, గాలి పాడవదు అని వచ్చిన పెద్దలందరూ మైకులో చెప్పారు. విజయకుమారి వెనక వరసలో నిలబడి విన్నది పొగ ఉండదన్న ఒక్క మాటే. ఆ బస్సుల్లో ఒకటి తన రూటుకే వేశారని తెలిసినప్పుడు ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. జీవితంలో అడగకుండా దొరికిన మేలు అదొక్కటే మరి.

డిపో మేనేజరు రవి కుమార్ చెడ్డవాడు కాదు. ఉన్నదున్నట్టు చెప్పే మనిషి. ఆమెను గదిలోకి పిలిచి, "చూడమ్మా, మనకుండే చార్జర్లు తక్కువ. అల్లూరు నుంచి పాలెం దాకా పోయి రావాలంటే ఆ చార్జింగు ఇంకో రూటుకు తక్కువ పడతాది. ఈ నెలంతా చూస్తాం. పాలెంలో జనం ఎక్కితే ఉంచుదాం. ఎక్కకపోతే అల్లూర్లోనే వెనక్కి తిప్పేద్దాం. ఆడోళ్ళకు ఉచితమైనా టికెట్టు మాత్రం కొట్టు. మిషన్లో పడిందే లెక్క" అన్నాడు. విజయకుమారి ధీమాగా తలూపింది. పాలెంలో జనం ఎక్కకపోవడమేమిటి? వాళ్ళకు వేరే దారి ఎక్కడుంది? ఆటోవాళ్ళు గంప గంపకూ మనిషి చార్జీ అడుగుతారు. ఈ బస్సు లేకపోతే వాళ్ళ బేరమే లేదు.

కొత్త బస్సుకు డ్రైవరు కూడా కొత్తవాడే, బస్సులు ఇచ్చిన కంపెనీ మనిషి. పేరు పెంచలకృష్ణ. ఇద్దరు పిల్లల తండ్రి, నెమ్మదస్తుడు. చోటే సాహెబ్‌ను షెడ్డులో పాత బస్సులు ముందుకీ వెనక్కీ జరిపే పనికి వేశారు. ఆయన ఆ సంగతి చెప్పి, "పోనీలే చెల్లెమ్మా, నీకైనా మంచి గాలి దొరకతాది" అని భుజం మీద తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. ఆమెకు ఆ పూటంతా మనసు మనసులో లేదు.

మొదటి రోజు మాత్రం ఆమెకు పండగే. పెన్న బ్రిడ్జి మీద పోతుంటే బస్సు పోతున్నట్టే లేదు. టికెట్టు మిషను కిర్రుమనడం వినిపించింది. ముందు సీట్లో ముసలాయన తన అల్లుడి గురించి ఫోనులో చెప్పుకుంటున్న రహస్యం బస్సంతా వినిపించింది. అరవకుండా మామూలు గొంతుతో "టికెట్టండీ" అంటే జనం తలెత్తి చూశారు. కొడవలూరు దాటేదాకా ఒక్కసారి కూడా దగ్గు రాలేదని ఆమె గుర్తించింది. గుండెలనిండా ఊపిరి పీల్చి, ఇంకోసారి పీల్చి చూసుకుంది.

వంతెన ఎక్కినట్టూ తెలియలేదు, దిగినట్టూ తెలియలేదు. పాలెం వచ్చేసింది. బస్టాపు దగ్గర నరపురుగు లేదు. ఒక కుక్క పడుకుని ఉంది, బస్సు దాని పక్కకు వచ్చి ఆగినా లేవలేదు. విజయకుమారి తలుపులోంచి అటూ ఇటూ చూసింది. పెంచలకృష్ణ కాసేపు ఆగి, "ఇంక కదలాలక్కా. ఎక్కువసేపాగితే కంట్రోల్ రూమోళ్ళు ఫోన్ చేస్తారు. బండి యాడుండాదో వాళ్ళకి తెలస్తా ఉంటాది" అన్నాడు మొహమాటంగా. బస్సు వెనక్కి తిరిగి బయలుదేరాక ఆమె వెనక అద్దంలోంచి చూసింది. ఎవరో చూసి చెప్పారో ఏమో, తోపులోంచి ఆడవాళ్ళు నెత్తిమీద గంపలతో పరిగెత్తుకొస్తున్నారు. చేతులు ఊపుతున్నారు. మలుపులో తోపు అడ్డమొచ్చి ఇక కనపడలేదు.

మర్నాడు వెంకటశేషమ్మ ఒక్కతే గంప లేకుండా బస్టాపులో కాపలా కూర్చుని ఉంది. బస్సు తలుపు తెరుచుకోగానే విరుచుకుపడింది.

"ఏం కండక్టరమ్మా, నిన్న దొంగమాదిరి వచ్చి దొంగమాదిరి పోయినావే! మా చేపల కంపు మీ కొత్త బస్సుకి పడదని చెప్పేస్తే మేమే నిలిచిపోయుంటాం గదా. ఈ నాటకాలెందుకు?"

"అట్ట అనబాకక్కా" అంది విజయకుమారి. ఆమెకు నిజంగానే ప్రాణం చివుక్కుమంది. "నేను వచ్చి ఆగినా. చూసినా. ఎవురూ లేరు."

"నువ్వు వస్తే మాకు వినపడదా? ఇన్నేళ్ళుగా వినపడింది నిన్న ఎందుకు వినపళ్ళేదు?"

అడిగిన వెంకటశేషమ్మే ఆగిపోయింది. బస్సు ఆమె ముందే నిలబడి ఉంది, కిక్కురుమనడం లేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

కారణం తెలిసింది గానీ దారి దొరకలేదు. పెంచలకృష్ణ వంతెన మీద హారను కొట్టి చూశాడు. పొద్దునపూట ఆ రోడ్డు మీద రొయ్యల లారీలూ, మేత బండ్లూ కొట్టే హారన్లకు అంతు లేదు, వాటిలో ఇదొకటైంది. విజయకుమారి విజిల్ ఊది చూసింది. రొయ్యల గుంటల మీద కొంగల్ని తోలేవాళ్ళు ఊదే విజిళ్ళలో అది కలిసిపోయింది. ఫోను చేద్దామంటే, ఉప్పునీళ్ళ చేతులతో పనిచేసే మనుషులు ఫోన్లు ఇళ్ళల్లో పెట్టి వస్తారు. మోగి మోగి ఊరుకునేవి. ఒకరో ఇద్దరో అందుకున్నారు, మిగతావాళ్ళు తప్పిపోయారు. మిషన్లో అంకెలు చూస్తే ఆమెకే భయమేసింది. ఏ బస్సయితే తనకు ఊపిరి పోసిందో, ఆ బస్సే వీళ్ళ బేరం మీద దెబ్బ కొట్టేలా ఉంది.

చివరకు ఒకరోజు వంతెన దిగగానే తోపు పలచబడ్డ చోట బస్సు ఆపించి, దిగి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని అరిచింది.

"వెంకటశేషమ్మక్కోవ్! బస్సొచ్చిందీ!"

చెట్ల అవతల ఎవరో అందుకుని ఇంకొకరికి అరిచారు, ఆ ఇంకొకరు ఒడ్డుకు అరిచారు. ఎంత గోలలోనైనా తన పేరు పెట్టి పిలిస్తే మనిషి తల తిప్పకుండా ఉండలేడు. బస్సు మలుపు తిరిగి బస్టాపుకు చేరేసరికి గంపలన్నీ వచ్చేశాయి. ఆ రోజు బస్సులో ఒకటే నవ్వులు. పైట చెంగుతో కొత్త సీట్లు తుడిచి మరీ కూర్చున్నారు. వెంకటశేషమ్మ ఏసీ గాలికి మొహం పెట్టి, "మా చేపలు ఇప్పుడు నాకన్నా సుఖంగా ఉండాయే" అంది.

అప్పటి నుంచి రోజూ అదే పని. బస్సు ఆపడం, దిగడం, అరవడం, పరిగెత్తుకుని మళ్ళీ ఎక్కడం. అక్కడ ఆపినందుకు పెంచలకృష్ణకు కంట్రోల్ రూము నుంచి ఫోను వస్తే, "గేదెలు అడ్డమొచ్చినాయి సార్" అని చెప్పేవాడు. రోజూ అదే మాట విని విని, ఆ వంతెన దగ్గర గేదెలు ఎక్కువని వాళ్ళకు ఖాయమైపోయింది.

డిపోలో టీ తాగుతుంటే చోటే సాహెబ్‌కు ఇదంతా చెప్పింది. ఆయన టీ తాగేసి గ్లాసు కింద పెట్టాడు. తర్వాత, "ముందు నా బండి అరిచేది. ఇప్పుడు నువ్వు అరస్తా ఉండావు. బండికైతే అరిగినాక కొత్త సామాన్లు వేస్తారు చెల్లెమ్మా, నీకెవురేస్తారు?" అన్నాడు. ఆమె నవ్వేసి లేచింది గానీ ఆ మాట మనసులో ఉండిపోయింది.

ఉండిపోక ఏం చేస్తుంది? పొగ పోయినా పాత పొగ చేసిన పాడు ఎక్కడికీ పోలేదు. సముద్రపు గాలికి ఎదురుగా అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. పొద్దున అరిస్తే సాయంత్రం దాకా దగ్గు. ఇంట్లో జయరామయ్య మజ్జిగ కలిపి ఇస్తూ, "గాలి మంచిదైనాక దగ్గు తగ్గాలి గదా, ఎక్కువైందేంది?" అని ఆశ్చర్యపోయాడు. డాక్టరు గొంతులోకి లైటు వేసి చూసి, కొన్నాళ్ళు గట్టిగా మాట్లాడవద్దు, మాట్లాడితే ఉన్న గొంతు కూడా పోతుందన్నాడు. బస్సు కండక్టరుకు అలా చెప్పి పంపడం సులువే. ఆమె మందులు సంచిలో వేసుకుని మర్నాడు మళ్ళీ డ్యూటీ ఎక్కింది. మళ్ళీ వంతెన దగ్గర దిగింది.

నెల ఆఖరుకు రవి కుమార్ పిలిచాడు. "లెక్క అటూ ఇటూగా ఉండాదమ్మా. మొదట్లో సున్నాలు పడినాయి గదా, అవి ఇంకా పూడలేదు. ఈ రెండు మూడు రోజులు చూసి తేలుస్తా. ఒకటి మాత్రం చెప్తా, నువ్వేమీ అనుకోబాక. అల్లూరు దాకే అయితే నీకూ శ్రమ తగ్గతాది. నీ ఆరోగ్యం నాకు కనపడతానే ఉండాది." ఆయన మంచికే చెప్పాడు. ఆ మాట వినకుండా ఉన్నా బాగుండేదని ఆమెకు తర్వాత అనిపించింది.

ఎందుకంటే ఆ రాత్రంతా ఆమె మనసు ఆ మాట చుట్టూనే తిరిగింది. ఎవరికీ అన్యాయం చేయనక్కర్లేదు. అబద్ధమాడనక్కర్లేదు. ఒక్కసారి దిగకపోతే చాలు. బస్సు వస్తుంది, ఆగుతుంది, పోతుంది. ఉద్యోగంలో చేరినప్పుడు ఎవరూ తన చేత చెట్ల మధ్య నిలబడి పేర్లు పెట్టి అరవాలని సంతకం పెట్టించుకోలేదు.

మర్నాడు పెంచలకృష్ణ మామూలు చోట బస్సు నెమ్మది చేసి, తలుపు తెరిచి, అద్దంలోంచి చూశాడు. విజయకుమారి ముందు సీట్లో కూర్చుని ఉంది. లేవలేదు.

"దిగవా అక్కా?"

"పోనీ" అంది.

అతను ఇంకోసారి అద్దంలోకి చూశాడు. తలుపు మూశాడు. బస్టాపు దగ్గర ఎవరూ లేరు. ఆగవలసినంతసేపు ఆగి, తిరిగి వచ్చేశారు. ఈసారి ఆమె వెనక అద్దం వైపు చూడలేదు. ఒళ్ళు తేలికైనట్టు అనిపించింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. అల్లూరు దాకా కళ్ళు మూసుకుని కూర్చుంది. కానీ మిగతా రోజంతా ఎవరో వచ్చి తిడతారని ఎదురుచూస్తూనే ఉంది. కోవూరు వీధుల్లో వెంకటశేషమ్మ కేక వినపడుతుందేమో అని చెవులు రిక్కించింది. ఎవరూ రాలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

సాయంత్రం రవి కుమార్ మిషను లెక్క చూసి పెదవి విరిచాడు. "ఈ పొద్దు కూడా సున్నానా? రేపు ఒక్కరోజు. రేపు బండి నిండితే ఉంచేస్తా, నిండకపోతే ఎల్లుండి నుంచి అల్లూరే ఆఖరు. ఇంక దీని గురించి మాట్లాడుకునే పని లేదు."

పొద్దున లేచేసరికి ఆమెకు గొంతు పూర్తిగా పోయింది. జయరామయ్యను లేపబోతే ఉత్త గాలి వచ్చింది. సెలవు పెట్టవచ్చు. పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో ఆమెను అడిగితే చెప్పలేకపోయేది గానీ, ఇంట్లో పడుకుని ఆ ట్రిప్పు ఆఖరి రోజు ఎలా గడిచిందో ఊహించుకోవడం కన్నా ఎదురుగా ఉండి చూడటమే నయమనుకుంది. టికెట్లు సైగలతో కొట్టింది. వంతెన దిగాక తనే బెల్లు కొట్టి బస్సు ఆపించి, తోపు దగ్గర దిగి నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. ఇంకోసారి ప్రయత్నిస్తే దగ్గు తెర కమ్మింది. పెంచలకృష్ణ దిగి వచ్చి, రెక్క పట్టుకుని ఎక్కించాడు. "నేను అరవనా అక్కా?" అని అతను ఒక కేక పెట్టాడు గానీ, ఆ గొంతు ఎవరిదో పాలేనికి ఏం తెలుసు?

బస్సు మలుపు తిరిగింది. బస్టాపు దగ్గర ఎర్రటి ఎండలో ఆడవాళ్ళందరూ బారుగా నిలబడి ఉన్నారు. గంపలు కింద పెట్టి, వాటి మీద తడి గోతాలు కప్పి, పైట చెంగులు నెత్తిన వేసుకుని నిలబడ్డారు. వాళ్ళు ఎప్పుడనగా వచ్చారో చెప్పడానికి కాళ్ళ కింద ఇసుకలో ఐసు కరిగి పారిన మడుగులే చాలు.

తలుపు తెరుచుకోగానే వెంకటశేషమ్మ ఆమెను చూసి, "అదిగో, ఉండాదే మే!" అని వెనక్కి తిరిగి అందరికీ చెప్పింది. ఎక్కి, రొప్పుతూ ముందు సీట్లో కూలబడి అందుకుంది. "నిన్న నీ గొంతు వినపళ్ళేదు. ఇంకా పిలవలేదు, ఇంకా పిలవలేదు అని చూస్తా ఉణ్ణాం. అంతలో బస్సొచ్చి పోయిందన్నారు. పాపం కండక్టరమ్మకి ఒళ్ళు బాగలేదు, వేరే కండక్టరెవురో వచ్చుంటారు, ఈ పొద్దూ ఆయనే వస్తే మనల్ని పిలిచేదెవురు అనుకుని ముందే వచ్చి నిలబడ్డాం. నువ్వే వచ్చినావు. ఏమైంది తల్లీ?"

విజయకుమారి గొంతు చూపించింది.

"అనుకున్నా. మాకోసరం అరిచి అరిచి పోగొట్టుకున్నావు." వెంకటశేషమ్మ గంప పక్క నుంచి ఒక ఫ్లాస్కు తీసింది. "శొంఠి, మిరియాలు, పాత బెల్లం. నువ్వు రాకపోతే ఆ వచ్చే కండక్టరు చేత నీకు పంపిద్దామని తెచ్చినా." మూతలోకి వంచి ఆమె చేతికి ఇవ్వబోయింది.

విజయకుమారి చెయ్యి చాచలేదు. వెంకటశేషమ్మ కూర్చున్నది, నిన్న తను కళ్ళు మూసుకుని కూర్చున్న సీటులోనే. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. పెంచలకృష్ణ చెప్పే రకం కాదు. కానీ ఆ మూత తన ముందు పట్టుకుని ఉన్న చేతిని చూస్తూ ఊరుకోవడం ఆమె వల్ల కాలేదు.

"నిన్న కూడా నేనే ఉణ్ణానక్కా" అంది గుసగుసగా. "బస్సులోనే ఉణ్ణా. దిగలేదు."

పాత బస్సయితే ఆ మాట ఇంజను మోతలో కొట్టుకుపోయేది. ఇందులో వెనక సీటు దాకా అందరికీ వినపడింది. వెంకటశేషమ్మ చెయ్యి మూత పట్టుకుని అలాగే ఉంది. విజయకుమారి మొహం కేసి, మెడలో ఉబ్బిన నరాల కేసి కాసేపు చూసింది. ఎందుకు దిగలేదని అడుగుతుందేమో, ఏం చెప్పాలి అని విజయకుమారి తడుముకుంది.

"తాగు" అంది వెంకటశేషమ్మ. "చల్లారిపోతాది."

తాగింది. గొంతు భగ్గుమంది, కళ్ళ నీళ్ళు వచ్చాయి. అవి మిరియాల ఘాటుకు వచ్చాయో మరెందుకు వచ్చాయో విడదీసి చూసుకునే ఓపిక ఆమెకు లేదు. మూత తిరిగి ఇచ్చి, మిషను సంచి సర్దుకుని లేచింది. ఒక్కొక్కరికీ టికెట్టు కొట్టుకుంటూ వెనక్కి వెళ్ళింది. అందరూ చేతులు చాచి టికెట్లు తీసుకున్నారు. ఆఖరి టికెట్టు కొట్టేసరికి బండి నిండింది, పాలెం ట్రిప్పు దక్కింది. సంతోషించాలి నిజానికి. ఆమె చూపు మాత్రం గంపల మీదికి పోయింది. ఒక గోతాం తొలిగిన చోట చేపల కళ్ళు లోపలికి పోయి, పొట్టలు మెత్తబడి ఉన్నాయి. ఈ పూట వీటిని ఎవరూ కొనరని గంపలవాళ్ళకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

"గొంతు కుదుటపడేదాకా నువ్వు పిలవబాక" అంది వెనక నుంచి వెంకటశేషమ్మ. "మేమే ముందొచ్చి నిలబడతాం."

విజయకుమారి వెనక్కి తిరిగింది. కాళ్ళు పీకుతున్నాయి, ఇంకా అల్లూరు కూడా రాలేదు.

"వద్దక్కా, ఎండలో నిలబడబాకండి" అంది లేని గొంతుతో. "రేపు పిలస్తా."